చేతికన్న ముందు చెవి

సంగీతసభలో గాయకుడు కీర్తన నిలిపి, మృదంగమువైపు తిరిగి తలయూపగానే శ్రోతలు సర్దుకొని కూర్చుందురు. అంతవరకు పాటకు వెన్నుదన్నుగా నున్న వాద్యము ఇక కొంతసేపు తానొక్కటే పలుకవలెను. తని ఆవర్తనము సాగినంతసేపు అందరి చూపులు వాద్యకాని వేళ్ళమీదనే యుండును. చివరి తీర్మానము పడినంతనే సభ యంతయు కరతాళధ్వనులతో మారుమ్రోగును. వెలుపలికి వచ్చుచు జనులు చెప్పుకొను మాట యొక్కటే: "ఏమి చేయి! ఏమి చేయి!"

ఆ పొగడ్త అన్యాయమైనది కాదు. కాని అది సగము సత్యము మాత్రమే. ఆ వేళ్ళు తోలును తాకుటకు చాలముందుగా ఒక చెవి పాటను విని యుండును. గొప్ప వాద్యకాని బాల్యమును విచారించినప్పుడెల్ల మనకు మొదట కనబడునది అతని చేయి కాదు, అతడు పెరిగిన ఇంటి ధ్వని. దీనికి దృష్టాంతములు వెదకుటకు దూరము పోనక్కరలేదు. హిందూపురమునుండియే బయలుదేరవచ్చును.

హిందూపురమునకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున లేపాక్షి వీరభద్రాలయము గలదు. 16వ శతాబ్ది పూర్వార్ధమున, అచ్యుతదేవరాయల కాలమున, పెనుకొండ అధికారి విరుపణ్ణయు, ఆయన సోదరుడు వీరణ్ణయు దానిని నిర్మింపజేసిరి. అచ్చటి నాట్యమండపపు స్తంభములపై రంభ ఆడుచుండును. తుంబురుడు వీణ మీటుచుండును. నందికేశ్వరుడు హుడుక్క పట్టియుండును. మరి మద్దెల వాయించువాడెవ్వడు? సాక్షాత్తు బ్రహ్మదేవుడు. సృష్టికర్త చేతికి శిల్పి మద్దెల నిచ్చినాడు. అంతకంటెను గమనింపదగిన విశేష మొకటి యున్నది. ఆ మండపమున వాద్యకాడెవ్వడును ఒంటరిగా లేడు. అందరును కలిసి ఒక్క ఆటకొరకు నిలిచినారు. ఒకరినొకరు వినుచున్నట్లే శిల్పి వారిని మలచినాడు.

ఆ కాలపు శిక్షణ ఎట్లుండెడిదో 1520 ప్రాంతమున విజయనగరమును చూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ కొంత వ్రాసియుంచెను. రాజాంతఃపుర స్త్రీలు నాట్యము నేర్చుకొను శాలలో, ఆట ముగింపున నిలువవలసిన భంగిమలను పలకలపై చెక్కియుంచిరనియు, భంగిమ మరచినవారు ఆ పలకను చూచి జ్ఞప్తికి దెచ్చుకొందురనియు ఆయన చెప్పినాడు. భంగిమను రాతిలో నిలుపవచ్చును. దరువును రాతిలో నిలుపుట ఎట్లు? మద్దెలగానికి అట్టి పలక లేదు. గురువు నోటి జతియే అతనికి పలక, వినుటయే అతనికి చదువు. 1565లో తళ్ళికోట యుద్ధము జరిగిన పిదప తిరుమలరాయలు పెనుకొండను రాజధానిగా జేసికొనెను. తరువాత ఆ రాజధానియు తరలిపోయినది, కోటగోడలు శిథిలమైనవి. జతులు మాత్రము నోటినుండి చెవికి, చెవినుండి చేతికి చేరుచు నేటికిని బ్రదికియున్నవి.

గుడిలోని మద్దెలను పొగడి, గుడి వెలుపలి వాద్యమును మరచుట ధర్మము కాదు. పూర్వపు అనంతపురము జిల్లా జాతరలలో ఉరుముల వాద్యము ప్రసిద్ధము. రెండు మూతలు గల ఆ వాద్యమును పుల్లతో కొట్టుటయేగాక, వంపుపుల్లతో తోలును రాయుదురు. ఆ రాపిడినుండి మేఘగర్జన వంటి నాదము పుట్టును. పేరును అందువలననే వచ్చినది. గ్రామదేవతల కొలువులలో వలయముగా నిలిచి, ఆడుచు వాయింతురు. ఈ విద్య తరతరములుగా కొన్ని దళిత కుటుంబములయందు నిలిచియున్నది. ఆ యిండ్లలో పుట్టిన బిడ్డకు ప్రత్యేకముగా పాఠము చెప్పువారు లేరు. తండ్రి, పెదతండ్రి, అన్న వాయించుచుండగా వాడు చంకలోనుండి వినును, పిమ్మట ప్రక్కన నిలిచి అడుగు కలుపును, ఒకనాడు ఎవరో చేయి నొప్పిపుట్టి దిగినప్పుడు వాద్యమును భుజమున తగిలించుకొనును.

చరిత్రలో ఇచ్చట ఒక బాధాకరమైన విషయము గలదు. బ్రహ్మదేవుని చేతికి మద్దెల నిచ్చిన సమాజమే, ఆ మద్దెలకు తోలు మూసినవానిని గుడిగడపకు దూరముగా నిలిపినది. 1947లో మద్రాసు రాష్ట్రమున ఆలయప్రవేశ చట్టము చేయవలసి వచ్చినదనిన, అంతవరకు ఆ గడప ఎట్లుండెనో ఊహింపవచ్చును. రోలు పోయి మద్దెలతో మొరపెట్టుకొన్నట్లని మన సామెత. రోటికి ఒకవైపే దెబ్బ, మద్దెలకు రెండువైపుల. ఆ వాద్యకాండ్రకు మూడవ దెబ్బయు తగిలినది. వారి వాద్యము ఊరందరికి కావలెను గాని, వారి పేరు ఊరిలో ఎవ్వరికిని అక్కరలేకపోయెను.

మన ప్రాంతమున నాటకరంగము మరియొక పాఠశాల. ఆంధ్రనాటక పితామహుడని పేరొందిన ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు (1853–1912) తెలుగు నాటకమునకు పాటను తోడుచేసినవారిలో ముఖ్యులు. పద్యనాటకము పెరిగినకొలది రంగస్థలముప్రక్కన హార్మోనియమును, తబలా లేక మృదంగమును స్థిరపడినవి. అచ్చటి వాద్యకాని పని చూచినంత సులభమైనది కాదు. నటుడు పద్యమెత్తుకొని రాగము సాగదీయుచుండగా తాను చేతులు ముడుచుకొని వేచియుండవలెను. ముగింపు సరిగా ఎచ్చట పడునో చెవితో కనిపెట్టి అందుకొనవలెను. ఒక్క క్షణము ముందైనను, వెనుకైనను నాటకము రసాభాస మగును. ఎప్పుడు వాయింపవలెనో నేర్పువారు చాలమంది గలరు. ఎప్పుడు వాయింపకుండవలెనో నేర్పినది ఈ రంగస్థలము.

వాయింపకుండుట ఎంత గొప్ప విద్యయో 20వ శతాబ్దిలో దేశమునకు చూపినవారు పాలఘాటు మణి అయ్యరుగారు. ఆయన 1912లో కేరళ ప్రాంతమున జన్మించిరి. తండ్రి శేషం భాగవతారు గాయకులు. అందుచేత ఆ బాలునకు మృదంగముకంటె ముందు పాట పరిచయమైనది. తొలి గురువు చాతపురం సుబ్బయ్యరుగారు. చెంబై వైద్యనాథ భాగవతారుగారు ఆ చిన్నవాని ప్రతిభను గుర్తించి, మద్రాసు సభలకు పరిచయము చేసిరి. పిన్నవయస్సుననే పేరు వచ్చినది, అభిమానులు ఏర్పడినారు. మరియొకడైనచో అంతటితో తృప్తిపడి యుండును. మణి అయ్యరుగారు అట్లు చేయక, పేరు వచ్చిన పిదప తంజావూరు వైద్యనాథయ్యరుగారివద్ద మరల శిష్యుడై కూర్చుండిరి.

ఆయన పాటకు వాయించిరే గాని పాటపైని వాయింపలేదని రసికులు చెప్పుకొందురు. కీర్తన సాహిత్యము ఎచ్చట విరుగునో, ఎచ్చట సాగునో ఎరిగి, కొన్ని తావుల చేయి ఎత్తివేసెడివారు. ఆ నిశ్శబ్దమునకే శ్రోతలు తలలూపెడివారు. 1965లో ఎడింబరో ఉత్సవమున ఆయన మృదంగము విదేశీయులను ఆకర్షించినది. 1966లో మద్రాసు సంగీత అకాడెమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదము నొసగినది. మృదంగ విద్వాంసునకు ఆ గౌరవము దక్కుట అదియే ప్రథమము. కచేరిలో మైకు నాదమును చెరచునని ఆయన గట్టిగా నమ్మి, అది లేకుండ వాయించుటకే ఇష్టపడెడివారు. రేడియో పత్రికలో ఈ మాట వ్రాయుట విడ్డూరముగా తోచవచ్చును. కాని ఆయన కోరినది మనము కోరునదియే: శ్రోత చెవియొగ్గి వినుట.

మన రాయలసీమకు ఆయనతో ఒక బాంధవ్యము గలదు. చివరి సంవత్సరములలో ఆయన హిందూపురమునకు తూర్పున మదనపల్లె సమీపమందలి ఋషివ్యాలీ పాఠశాలలో పిల్లలకు మృదంగము నేర్పిరి. దేశమంతటి సభలు పిలుచు విద్వాంసుడు బడిపిల్లలమధ్య కూర్చుండుట చిన్న సంగతి కాదు. 1981లో ఆయన పరమపదించిరి.

ఇది మన దేశమునకే పరిమితమైన ధర్మమా? ఇంగ్లండులో 1941లో పుట్టిన చార్లీ వాట్స్ సంగతి చూడుడు. తండ్రి రైల్వేలో లారీ నడుపు ఉద్యోగి. ఇంటిలో సంగీతవిద్వాంసులు లేరు. ఆ లోటును గ్రామఫోను రికార్డులు తీర్చినవి. ప్రక్కయింటి స్నేహితుడు డేవ్ గ్రీన్‌తో కూడి అతడు జాజ్ సంగీతము వినుచు పెరిగెను. తరువాత గ్రీన్ కూడ సంగీతకారుడైనాడు. పదునాలుగేండ్ల ప్రాయమున వాట్స్ చేతికి ఒక బ్యాంజో వచ్చినది. ఆ వాద్యము అతని వేళ్ళకు లొంగలేదు. అతడు దాని పిడిని ఊడదీసి, తోలుమూతను మాత్రము నిలబెట్టి, తీగకుంచెలతో వాయింప మొదలుపెట్టెను. తల్లిదండ్రులు కోపగింపక అతనికి డ్రమ్ములు కొని యిచ్చిరి. ఇంటిలో రికార్డు మ్రోగుచుండగా దానితో కలిసి వాయించుటయే అతని చదువు.

ఆ కుర్రవాడు 1963 జనవరిలో రోలింగ్ స్టోన్స్ అను రాక్ సంగీత బృందమున చేరి, 2021 ఆగస్టులో మరణించువరకు 58 సంవత్సరములు అందులోనే వాయించెను. రాక్ సంగీతమనగానే కేకలు, ఆర్భాటము మనకు స్ఫురించును. వాట్స్ అందులో ఉండియు నిరాడంబరుడు. ఒంటరిగా వాయించి మెప్పించుటయందు ఆయనకు మక్కువ లేదు. అయినను వేదికపై బృందసభ్యులను పరిచయము చేయునప్పుడు ఆయన పేరు వినగానే జనులు ఎడతెగక చప్పట్లు కొట్టెడివారు. పాటలన్నిటిని మోసినవాడు ఎవ్వడో వారికి తెలియును. ఆ వృద్ధునకు చేసిన ఆ సత్కారము, బ్యాంజో పిడి ఊడదీసిన నాటి చెవికిని చెందును.

మణి అయ్యరుగారి యింట తండ్రి పాట, ఉరుములవారి యింట తండ్రి దరువు, వాట్స్ ఇంట గ్రామఫోను. ఇండ్లు వేరు, దేశములు వేరు, పాఠము ఒక్కటే. మొదటి ఇద్దరి వంటి పుట్టుక అందరికి దొరకదు. మూడవవాని వంటి అవకాశమును మాత్రము ఏ కుటుంబమైనను కల్పింపవచ్చును. రేడియో మన యిండ్లలోనికి వచ్చినప్పటినుండి, సంగీతవంశమున పుట్టని బిడ్డకును మేటి విద్వాంసుల వాద్యము వినబడుచున్నది. వినబడుట వేరు, వినుట వేరు. కచేరి ప్రసారమగుచుండగా పెద్దలు మాటలు చాలించి కూర్చున్న ఇంటిలో, పిల్లలును వినుట నేర్తురు.

అప్పుడొకనాడు ఇంటి చిన్నవాడు కంచమును, డబ్బామూతను ముందు పెట్టుకొని వాయింపసాగును. తలనొప్పియని కసరుటకు ముందు ఒక్కసారి చెవియొగ్గుడు. రేడియోలోని పాట ఆగినప్పుడు వాడును ఆగుచున్నాడా? ఆగుచున్నచో వానిని కసరకుడు. ఈసారి మీ ఊరి జాతరలో ఉరుములు మ్రోగినప్పుడు వానిని ముందు వరుసకు తీసికొనిపొండు. వాద్యము ముగిసిన పిదప, ఆ వాయించిన పెద్దమనిషి పేరేమో అడిగి తెలిసికొని, వానికిని చెప్పుడు.