అసెంబ్లీ తీర్మానిస్తే రాజ్యాంగం మారుతుందా? రాష్ట్రాల చేతిలో ఉన్న పవర్ ఎంత?

తెలంగాణ అసెంబ్లీ 2025 మార్చి 17న బీసీలకు 42 శాతం రిజర్వేషన్ల బిల్లులు పాస్ చేసింది. పార్టీలన్నీ మద్దతిచ్చాయి. అయినా ఆగస్టు 6న సీఎం రేవంత్ రెడ్డి ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర ధర్నాకు కూర్చోవాల్సి వచ్చింది. మన అసెంబ్లీ ఓకే అన్నాక మళ్లీ ఢిల్లీ ఎందుకు? రాష్ట్రాలన్నీ కలిసి పట్టుబడితే రాజ్యాంగాన్ని మార్చుకోవచ్చా? అమెరికాలో అలా కుదురుతుందంటారు, నిజమేనా? సింపుల్‌గా చూద్దాం.

అమెరికాలో రూల్ ఏంటి?

చందానగర్, మియాపూర్ వైపు పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు చాలానే ఉంటాయి. అక్కడి వార్తల్లో అప్పుడప్పుడూ వినిపించే మాట ‘ఆర్టికల్ 5 కన్వెన్షన్’. అమెరికా రాజ్యాంగంలోని ఆర్టికల్ 5 ప్రకారం 50 రాష్ట్రాల్లో మూడింట రెండొంతులు, అంటే 34 రాష్ట్రాలు అడిగితే సవరణల కోసం ప్రత్యేక సభ పిలవాల్సిందే. ఆ సభ ప్రతిపాదించినవి అమల్లోకి రావాలంటే మళ్లీ 38 రాష్ట్రాలు ఒప్పుకోవాలి.

పేపర్ మీద ఇంత పవర్ ఉన్నా, ఈ దారిలో ఇప్పటివరకు ఒక్క సభ కూడా జరగలేదు. అక్కడ వచ్చిన 27 సవరణలనూ వాళ్ల పార్లమెంటే ప్రతిపాదించింది. కేంద్రం ఆదాయానికి మించి ఖర్చు పెట్టకూడదన్న డిమాండ్‌తో 1980ల్లో 32 రాష్ట్రాల దాకా వచ్చి ఆగిపోయింది. ఒకసారి సభ కూర్చుంటే ఇంకేమేం మార్చేస్తారో అన్న భయం రెండు పార్టీల్లోనూ ఉంది.

మరి మన దగ్గర?

మన రాజ్యాంగంలో అలాంటి సభ ఊసే లేదు. ఆర్టికల్ 368 ప్రకారం సవరణ బిల్లు పెట్టాల్సింది పార్లమెంట్‌లోనే. లోక్‌సభ, రాజ్యసభ రెండింట్లోనూ విడివిడిగా పాస్ అవ్వాలి. సభలోని మొత్తం సభ్యుల్లో సగం కంటే ఎక్కువ మంది ఓకే అనాలి. హాజరై ఓటేసిన వాళ్లలో మూడింట రెండొంతుల మంది అనుకూలంగా ఉండాలి. అంటే 543 సీట్ల లోక్‌సభలో కనీసం 272 ఓట్లు రావాల్సిందే.

రాష్ట్రాల వంతు ఆ తర్వాతే వస్తుంది. అది కూడా అన్ని సవరణలకూ కాదు. రాష్ట్రపతి ఎన్నిక, సుప్రీంకోర్టు, హైకోర్టులు, కేంద్రం–రాష్ట్రాల మధ్య అధికారాల పంపకం, పార్లమెంట్‌లో రాష్ట్రాల ప్రాతినిధ్యం, చివరికి ఆర్టికల్ 368 లాంటి వాటిని ముట్టుకుంటేనే రాష్ట్రాల ఆమోదం కావాలి. అప్పుడు కనీసం సగం రాష్ట్రాల అసెంబ్లీలు ఓకే అనాలి. ఇప్పుడున్న 28 రాష్ట్రాల్లో 14 చాలు. మిగతావి వద్దన్నా సవరణ ఆగదు.

జీఎస్టీ టైమ్‌లో జరిగింది ఇదే. పార్లమెంట్ పాస్ చేసిన సవరణ రాష్ట్రాలకు వచ్చింది. 2016 ఆగస్టు 30న తెలంగాణ, సెప్టెంబర్ 8న ఏపీ ఆమోదించాయి. అదే 101వ సవరణ.

తెలుగు రాష్ట్రాలు చూసిన రెండు అనుభవాలు

మొదటిది రాష్ట్ర విభజన. ఆర్టికల్ 3 ప్రకారం విభజన బిల్లు అభిప్రాయం కోసం అసెంబ్లీకి రావాలి. అంతే తప్ప అసెంబ్లీ ఒప్పుకోవాలని లేదు. 2014 జనవరి 30న ఉమ్మడి ఏపీ అసెంబ్లీ బిల్లును తిరస్కరించింది. అయినా ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ పాస్ చేశాయి. జూన్ 2న తెలంగాణ వచ్చేసింది. అసెంబ్లీ వద్దన్నా రాష్ట్రం ఆగలేదు. తెలంగాణ కల నెరవేరింది కూడా ఈ రూల్ వల్లే.

రెండోది ఏపీ శాసన మండలి. ఆర్టికల్ 169 ప్రకారం మండలి ఉండాలా, వద్దా అన్నదానికి ముందు అడగాల్సింది అసెంబ్లీనే. రాష్ట్రాలు మొదలుపెట్టగలిగే అరుదైన పని ఇది. 2020 జనవరి 27న ఏపీ అసెంబ్లీ మండలి రద్దుకు తీర్మానం చేసింది. పార్లమెంట్ చట్టం చేయలేదు. 2021 నవంబర్ 23న అదే అసెంబ్లీ ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. మండలి అలాగే ఉంది.

కొత్త రాజ్యాంగం రాసుకోవచ్చా?

2022 ఫిబ్రవరి 1న అప్పటి సీఎం కేసీఆర్ దేశానికి కొత్త రాజ్యాంగం కావాలన్నారు. పెద్ద దుమారం రేగింది. నిజానికి కొత్తది రాయడానికి మన రాజ్యాంగంలో దారే లేదు. పార్లమెంట్‌కు కూడా లిమిట్ ఉంది. రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని మార్చకూడదని 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో సుప్రీంకోర్టు చెప్పేసింది.

42 శాతం ఎక్కడ ఇరుక్కుంది?

రిజర్వేషన్లు మామూలుగా 50 శాతం దాటకూడదని 1992లో ఇందిరా సాహ్ని కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తమిళనాడులో 69 శాతం ఎలా నడుస్తోందంటే, ఆ చట్టాన్ని 1994లో 76వ సవరణతో తొమ్మిదో షెడ్యూల్‌లో పెట్టారు. తెలంగాణ కూడా అదే అడుగుతోంది. ఆ షెడ్యూల్‌లో చేర్చాలంటే రాజ్యాంగ సవరణ కావాలి. అది పార్లమెంట్ చేతిలో పని. అందుకే ఢిల్లీ ధర్నా. అక్కడ చేర్చినా కోర్టు చూడకుండా ఉండదు. 1973 ఏప్రిల్ 24 తర్వాత చేర్చిన చట్టాలను మౌలిక స్వరూపం కోణంలో పరిశీలించవచ్చని 2007లో సుప్రీంకోర్టు తేల్చింది.

మరి రాష్ట్రాలు చేయగలిగిందేంటి?

ఒత్తిడి తేవడం. 1983 మే 28న ఎన్టీఆర్ విజయవాడలో విపక్ష నేతలను ఒక్కచోట కూర్చోబెట్టారు. కేంద్ర–రాష్ట్ర సంబంధాలపై సర్కారియా కమిషన్ ఏర్పాటైంది కూడా ఆ ఏడాదే. 2025 మార్చి 22న డీలిమిటేషన్‌పై చెన్నైలో కొన్ని రాష్ట్రాల నేతలు కలిశారు. రేవంత్ రెడ్డి కూడా వెళ్లారు. లోక్‌సభ సీట్ల లెక్కను ఇంకో 25 ఏళ్లు కదపొద్దని అడిగారు. మార్చి 27న తెలంగాణ అసెంబ్లీ కూడా డీలిమిటేషన్‌పై తీర్మానం చేసింది. కానీ తీర్మానం అంటే విన్నపమే, ఆర్డర్ కాదు.

చందానగర్ ఓటరు లెక్కలో చెప్పాలంటే ఇలా. మీరు ఓటేసే శేరిలింగంపల్లి ఎమ్మెల్యే సవరణ అడగగలరు, కొన్నింటికి చివర్లో ఓకే చెప్పగలరు. సవరణకు పార్లమెంట్‌లో ఓటేసేది మాత్రం చేవెళ్ల ఎంపీ. లోక్‌సభలో తెలంగాణకు 17, ఏపీకి 25 సీట్లున్నాయి. అసెంబ్లీ ఏకమైనా, 543 మందిలో ఈ 42 మంది మిగతా వాళ్లను ఒప్పించగలిగితేనే పని జరుగుతుంది. రాజ్యాంగం మారుస్తాం అని ఎమ్మెల్యే క్యాండిడేట్ హామీ ఇస్తే, పార్లమెంట్‌లో మీ బలమెంత అని అడగండి.