ఒక్కరికో బ్యాటరీ బండి

ఒక్కరు ఎక్కి పనికి పోయొచ్చే కరెంటు బండి పెట్రోలు కారు కన్నా పాతది. 1881లో పారిస్‌లో గుస్తావ్ ట్రూవే మూడు చక్రాల సైకిలుకు మోటారు, మళ్లీ ఛార్జి చేసుకోగల బ్యాటరీలు బిగించి రోడ్డెక్కించాడు. కార్ల్ బెంజ్ తన కారుకు పేటెంటు పొందింది 1886లో.

అయినా పెట్రోలే గెలిచింది. కరెంటు మోటారుకు వంక లేదు. దాన్ని తిప్పే శక్తిని సీసం బ్యాటరీల రూపంలో మోయాల్సి రావడమే గండమైంది. వందేళ్ల తర్వాతా అదే చిక్కు. 1985 జనవరి 10న లండన్‌లో ఆవిష్కర్త క్లైవ్ సింక్లెయిర్ ‘సి5’ అనే కరెంటు బండిని విడుదల చేశాడు. ఒక్క సీటు, మూడు చక్రాలు, మోకాళ్ల కింద హ్యాండిలు, గంటకు 24 కిలోమీటర్ల వేగం, ధర 399 పౌండ్లు. లైసెన్సు అక్కర్లేదు. కానీ అది నడి చలికాలం, సీసం బ్యాటరీ చలికి సత్తువ కోల్పోతుంది. ఎత్తు వస్తే పెడళ్లు తొక్కాలి. లారీల పక్కన అంత నేలబారుగా కూర్చోవడానికి జనం జంకారు. ఆగస్టుకల్లా తయారీ ఆగిపోయింది. లోకం నవ్వింది గానీ, సింక్లెయిర్ ఆలోచన సరైనదే. దానికి తగిన నేలా, తగిన బ్యాటరీ దొరకలేదు, అంతే.

ఆ నేల మన కృష్ణా డెల్టా. విజయవాడలోని ఇంద్రకీలాద్రి, గుణదల కొండలు వదిలితే గుడివాడ, బందరు దాకా చదును దారులే. చలి బెడదా లేదు. 1991లో సోనీ మార్కెట్లోకి తెచ్చిన లిథియం అయాన్ బ్యాటరీ కాలక్రమంలో బండి బరువునూ తగ్గించింది. 250 వాట్ల లోపు, 25 కిలోమీటర్ల వేగం దాటని బండికి మన దేశంలో రిజిస్ట్రేషను, లైసెన్సు అవసరం లేదు. విజయవాడలోనే అవేరా అనే సంస్థ కరెంటు స్కూటర్లు రూపొందించింది.

అయితే లిథియానికి వేడి గిట్టదు. బ్యాటరీలోని ఒక సెల్ లోపల షార్ట్ అయితే పుట్టే వేడి పక్క సెల్‌కు, దాన్నుంచి ఇంకోదానికి పాకుతుంది. 2022 ఏప్రిల్‌లో విజయవాడ సూర్యారావుపేటలో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఇంటాయన ప్రాణం పోయింది. ఆ వేసవిలో దేశంలో ఇంకొన్ని చోట్లా స్కూటర్లు తగలబడ్డాయి. అప్పుడు గాని కేంద్రం బ్యాటరీ పరీక్షల ప్రమాణం ఏఐఎస్ 156ను బిగించలేదు.

బండి కొనబోయేవారు ఎన్ని కిలోమీటర్లు వస్తుందని అడిగే ముందు బ్యాటరీ ఆ పరీక్ష నెగ్గిందా అని అడగండి. పడకగదిలో, రాత్రంతా మాత్రం ఛార్జింగ్ పెట్టొద్దు.