మంచుకొండల బాట: గుడిసెలు, స్కీలు, మనవాళ్లు

సెంటినరీ కాలనీ వాళ్లకు కొండ అంటే రామగిరి ఖిల్లానే. సెలవు రోజు సద్ది కట్టుకుని ఎక్కితే పొద్దుగూకేలోగా ఇల్లు చేరొచ్చు. మంచుకొండల్లో అది కుదరదు. రాత్రికి తల ఎక్కడ దాచుకోవాలన్నదే అక్కడ మొదటి లెక్క.

అందుకే ఆల్ప్స్‌లో స్కీల కంటే ముందు గుడిసెలు వచ్చాయి. స్విస్ ఆల్పైన్ క్లబ్ 1863లో పుట్టిన ఏడాదే టోడి శిఖరం దారిలో గ్రూన్‌హార్న్ గుడిసె కట్టింది. ఇవాళ ఆ క్లబ్బుకు సుమారు 150 గుడిసెలున్నాయి. అవి మొదట్లో వేసవి యాత్రికుల కోసమే. నార్వే అన్వేషకుడు నాన్సెన్ 1888లో గ్రీన్‌లాండ్‌ను స్కీలపై అడ్డంగా దాటి పుస్తకం రాశాక యూరప్‌కు స్కీల పిచ్చి పట్టింది. షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త కానన్ డాయల్ 1894లో దావోస్ నుంచి కనుమ దాటి అరోసాకు వెళ్లాడు. వాలులో స్కీలు చేజారిపోతే ప్యాంటు మీదే జారుతూ దిగాడు. ఆ గుడ్డ చిరగదని దర్జీ చెప్పిన మాటను తర్వాత రాతలో బాగానే ఆటపట్టించాడు. 1897లో జర్మన్ స్కీయర్ పాల్కే బృందం ఆల్ప్స్‌లోని బెర్నీస్ ఓబర్‌లాండ్‌ను స్కీలపై దాటాక గానీ స్కీ ఉత్త సరదా కాదు, చలికాలపు ప్రయాణ సాధనమని తేలలేదు.

ఎక్కడానికి కిటుకు స్కీ అడుగున కట్టే సీలు తోలు. వెంట్రుకలన్నీ వెనక్కి వాలి ఉంటాయి గనక ముందుకు జారుతుంది, వెనక్కి జారబోతే మంచును పట్టేస్తుంది. ఇప్పుడు తోలు బదులు అంగోరా మేక వెంట్రుకలు, నైలాన్‌తో నేసిన పట్టీలు వాడుతున్నారు.

మన దేశంలో ఇది దొరల వేడుకగా మొదలైంది. గుల్మార్గ్‌లో స్కీ క్లబ్ ఆఫ్ ఇండియా పెట్టింది 1927లో. పర్వతారోహణ మాత్రం సర్కారు చలవ: 1954లో డార్జిలింగ్‌లో, 1965లో ఉత్తరకాశీలో శిక్షణ సంస్థలు వచ్చాయి. ఆల్ప్స్‌లా గుడిసె నుంచి గుడిసెకు సాగే దారులు హిమాలయాల్లో ఏర్పడలేదు. స్కీలతోనే కొండలెక్కి దిగుతూ సాగే స్కీ టూరింగ్ ఇక్కడ జనంలోకి రాకపోవడానికి, నా దృష్టిలో, డబ్బు కంటే అదే పెద్ద కారణం.

తెలుగువాళ్లను మంచులోకి నడిపించింది క్లబ్బులు కావు, బడులు. నెల్లూరు జిల్లా గాంధీజనసంగానికి చెందిన మల్లి మస్తాన్‌బాబు కోరుకొండ సైనిక్ స్కూలు విద్యార్థి. 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలూ ఎక్కేశాడు. 2015 మార్చిలో ఆండీస్‌లో ఒంటరిగా ఎక్కుతూ ప్రాణం వదిలాడు.

సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలది మరో దారి. భువనగిరి ఏకశిల మీద తాడు పట్టడం నేర్చి, డార్జిలింగ్‌లో మంచు చూసి, నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కారు. రాష్ట్రం విడిపోవడానికి అప్పటికి ఎనిమిది రోజులుంది. పూర్ణకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. నేపాల్ పదహారేళ్ల లోపు వాళ్లను అనుమతించదు గనక టిబెట్ వైపు నుంచి వెళ్లారు.

మస్తాన్‌బాబు, పూర్ణ ఇద్దరి ఏడు శిఖరాల యాత్రా అలాస్కాలోని దెనాలీ మీదే ముగిసింది. ఆయనది 2006 జులైలో, ఆమెది 2022 జూన్‌లో. ఎవరెస్ట్‌కే పేరెక్కువ గానీ, స్కీ టూరింగ్‌కు దగ్గరి పని దెనాలీలోనే ఉంది. చక్రాల కింద స్కీలున్న చిన్న విమానం సుమారు 2,200 మీటర్ల ఎత్తున కహిల్ట్నా హిమానీనదం మీద దింపి వెళ్లిపోతుంది. అక్కడ మూటలు మోసే షెర్పాలుండరు. కాళ్లకు స్కీలో, మంచుబూట్లో కట్టుకుని, వారాలకు సరిపడా తిండి, ఇంధనం ఉన్న స్లెడ్జిని నడుముకు తగిలించుకుని ఎవరికి వాళ్లే లాక్కోవాలి. గుడిసెలూ లేవు. మజిలీ చేరగానే రంపంతో మంచును ఇటుకల్లా కోసి, గుడారం చుట్టూ గోడ పేర్చాకే పొయ్యి వెలిగిస్తారు. తాగే నీళ్లకు కూడా ఆ మంచునే కరిగించుకోవాలి.