స్క్లిరోడెర్మా రోగులకు వ్యాయామ పరీక్ష: ఒక కొలమానం చరిత్ర

సిస్టమిక్ స్క్లిరోసిస్, అంటే స్క్లిరోడెర్మా, పైకి చర్మం బిగుసుకుపోయే జబ్బు. ప్రాణం మీదికి తెచ్చేది మాత్రం చాలాసార్లు ఊపిరితిత్తులే. అక్కడి సన్నని రక్తనాళాల గోడలు మందమై దారి ఇరుకవుతుంది, గుండె కుడి భాగం మీద భారం పడుతుంది. అయితే ఈ నాళాలు అవసరానికి మించి ఉంటాయి. చాలా భాగం పాడయ్యాక గాని పడుకుని ఉన్న మనిషిలో పీడనం పెరగదు. మెట్లెక్కితే వచ్చే ఆయాసం అంతకు ముందే మొదలవుతుంది.

ఆ పీడనాన్ని నేరుగా కొలిచే దారి చూపింది కాథెటర్ అనే సన్నని గొట్టం. 1929లో జర్మన్ వైద్యుడు వెర్నర్ ఫోర్స్‌మన్ తన చేతి సిర గుండా గుండెలోకి కాథెటర్ పంపుకున్నాడు. న్యూయార్క్‌లో కూర్నాండ్, రిచర్డ్స్ దాన్ని నమ్మదగ్గ పరీక్షగా తీర్చిదిద్దారు. 1956లో ముగ్గురికీ నోబెల్ వచ్చింది.

ఊపిరితిత్తుల ధమనిలో సగటు పీడనం విశ్రాంతిలో 25, వ్యాయామంలో 30 మిల్లీమీటర్ల పాదరసం దాటితే ఊపిరితిత్తుల రక్తపోటు జబ్బు ఉన్నట్టేనని చాలాకాలం లెక్క. 2008లో ఆ జబ్బుపై డానా పాయింట్‌లో జరిగిన సదస్సు ఈ రెండో అంకెను తీసేసింది. యాభై దాటిన ఆరోగ్యవంతుల్లోనూ వ్యాయామంలో పీడనం తరచూ 30 దాటుతోందని తేలడమే కారణం. తీసేయడం సబబే. కానీ దానితోపాటు వ్యాయామ పరీక్షే వెనకబడటం స్క్లిరోడెర్మా రోగులకు మేలు చేయలేదు.

లోపం పరీక్షలో లేదు, రక్తప్రవాహాన్ని పట్టించుకోకపోవడంలో ఉంది. కాథెటర్‌తోనే సైకిల్ తొక్కిన ఇద్దరిలో పీడనం 16 నుంచి 34కు చేరిందనుకుందాం. ఒకరి గుండె నిమిషానికి పంపే రక్తం 5 లీటర్ల నుంచి 15కు పెరిగింది. లీటరుకు 1.8 మిల్లీమీటర్లు, అది మామూలే. రెండోవారిలో 5 నుంచి 9కే పెరిగింది. లీటరుకు 4.5, నాళాలు సాగడం లేదన్నమాట. 2022 యూరోపియన్ మార్గదర్శకాలు ఈ లెక్కనే ఒప్పుకుని, లీటరుకు 3 దాటితే అసహజమన్నాయి.

కాథెటర్ లేకుండా, మాస్కుతో శ్వాసను కొలిచే పరీక్ష కూడా ఉంది. రక్తం సరిగా చేరని గాలిగదుల్లోకి పోయిన ఊపిరి వృథా అవుతుంది, ఆ వృథా అక్కడ అంకెల్లో కనిపిస్తుంది. అనుమానం పుట్టించడానికి అది చాలు, నిర్ధారణకు కాథెటర్ తప్పదు.

అయితే గుండె ఎడమ భాగం బిగుసుకున్నా, లీటరుకు పీడనం ఎంత పెరిగిందో చెప్పే అంకె పెరుగుతుంది. స్క్లిరోడెర్మా గుండె కండరాన్నీ వదలదు. కాబట్టి వ్యాయామంలోనే గుండె ఎడమ భాగం ఒత్తిడిని తెలిపే వెడ్జ్ పీడనాన్ని కూడా చూడకుండా, జబ్బు ఊపిరితిత్తుల నాళాలదేనని తేల్చకూడదు.