కొలువు విడిచిన ఇంజనీరు

కొన్ని మాసముల క్రిందట నా పూర్వశిష్యుడొకడు మా యింటికి వచ్చెను. అతడు నీటిపారుదల శాఖలో సహాయ ఇంజనీరు. వయస్సు ముప్పదినాలుగు, ఇద్దరు బిడ్డలు, ఇంట వృద్ధులైన తలిదండ్రులు. నౌకరీకి రాజీనామా యిచ్చి సొంతముగా పనులు గుత్తకు పట్టవలెనని అతని సంకల్పము. “పెద్దవాడవైతివి, నీ మంచిచెడ్డలు నీ వెఱుగవా? నన్నడుగనేల నాయనా?” అంటిని. “విశ్వేశ్వరయ్యగారు కూడా ఇట్లాగే చేశారు కదండీ మాస్టారూ! ఆ పాఠం చెప్పింది మీరే” అని అతడు నవ్వెను. నాకు నవ్వు రాలేదు. ఆ పాఠమును నేను ఏండ్ల తరబడి చెప్పిన మాట నిజమే. పెద్ద కొలువును తృణప్రాయముగా విడిచిన ధీరుడని చెప్పి, పిల్లల కన్నులు మెఱయుట చూచి సంతసించి, గంట కొట్టగానే పుస్తకము మూసెడివాడను. చెప్పవలసినదానిలో సగమే చెప్పితినని ఆనాడు తోచెను. శ్రోతలారా, ఆ మిగిలిన సగమును నేడు మనవి చేయుదును.

విశ్వేశ్వరయ్యగారి యింటిపేరే వారి పూర్వుల తావును తెలుపుచున్నది. గిద్దలూరు ప్రాంతమందలి మోక్షగుండమునుండి వారి పెద్దలు మైసూరు సీమకు తరలిపోయిరి. ఆయన జన్మించినది ముద్దెనహళ్ళిలో. బాల్యముననే తండ్రిని గోలుపోయి, బెంగుళూరున పిల్లలకు చదువు చెప్పుకొనుచు తాను చదివి, 1881లో పట్టభద్రులై, పూనాలో ఇంజనీరింగు ముగించి, 1884లో బొంబాయి ప్రభుత్వపు పబ్లిక్ వర్క్సు శాఖలో సహాయ ఇంజనీరుగా ప్రవేశించిరి. 1908 వరకు, అనగా ఇంచుమించు ఇరువదినాలుగేండ్లు, అదియే కొలువు.

ఈ యిరువదినాలుగేండ్లను నేను పాఠములో రెండు వాక్యములతో దాటవేసెడివాడను. కథకు రుచి అచ్చట లేదని నా భ్రమ. నిజమునకు వారి స్వాతంత్ర్యము సిద్ధమైనది అచ్చటనే. సింధుదేశమున సుక్కూరు పట్టణమునకు మంచినీరు అమర్చిరి. కాలువల క్రింద పొలములను ఖండములుగా విభజించి వంతులవారీగా నీరిచ్చు పద్ధతిని ఏర్పఱచిరి. పూనాకు చేరువనున్న ఖడక్‌వాస్లా జలాశయమునకు తమంత తామే తెఱచుకొని మూసికొను తలుపులు పెట్టించిరి. నీరొక మట్టము దాటగానే తలుపు లేచును. వరద తగ్గగానే దిగును. అర్ధరాత్రమున కావలివాడు లాంతరు పట్టుకొని పరుగెత్తవలసిన పని లేదు. పాత ఆనకట్టను పెంచకయే నీరు హెచ్చుగా నిలిచెను. 1906లో ప్రభుత్వమువారు ఏడెను రేవునకు పంపగా, ఆ మరుభూమిలో మంచినీటికిని మురుగు పాఱుదలకును మార్గము చూపి నివేదిక వ్రాసిరి. ఈ రీతిగా కొలువులో నుండగనే కొలువు వెలుపల వారి పేరు పనితోగూడ ప్రాకినది.

ఆ తలుపుల విషయమున మఱియొక సంగతి కలదు. వానికి పేటెంటు పొందియు, నౌకరుగా నుండి చేసిన పని గనుక సర్కారునుండి రాయల్టీ పుచ్చుకొనలేదు. జీతము తినుచు చేసినది సర్కారుది. చేయగా చేయగా చేతికి వచ్చిన నేర్పు తనది. ఈ రెంటి నడుమ గీత యెచ్చటనో తెలియక కొలువు విడిచి చిక్కులబడినవారిని నేనెఱుగుదును.

ఇక విడుచుటకు కారణము. పెద్దలైన పలువురను దాటి ఆయన పైమెట్టునకు చేరిరి. అది కొందఱికి కంటగింపయ్యెను. ఆ పైన నుండినది చీఫ్ ఇంజనీరు పదవి. భారతీయున కా దినములలో అది దక్కు ఆశ లేదు. తలుపు మూసియున్నదని గ్రహించి, తగవు లేక, 1908లో వెలికి వచ్చిరి. కాని వట్టిచేతులతో రాలేదు. పింఛనునకు గడువు పూర్తిగా నిండకున్నను ప్రభుత్వము దానిని మంజూరు చేసెను. సంతానభారము లేదు. వచ్చినవారు వెంటనే పనికై యెవ్వరి వాకిటను నిలువక విదేశములలోని కట్టడములను చూడబోయిరి. పింఛను మాట నేను తరగతిలో ఒక్కనాడును ఎత్తియుండలేదు!

ఆ యేడు సెప్టెంబరు 28వ తేదీని హైదరాబాదున మూసీనది పొంగెను. పరీవాహక ప్రాంతమున 788 చెఱువులుండగా 221 తెగినవి. ఒకటి తెగి దిగువదానిపై బడుట, అది తెగి మఱియొకదానిపై బడుట. నగరమున వేలకొలది జనులు మడిసిరి. అఫ్జల్‌గంజిలో ఒక చింతచెట్టెక్కి నూఱుమందికి పైగా ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టును నేనును చూచితిని. నిజాము ప్రభుత్వమువారి పిలుపు అందునప్పటికి విశ్వేశ్వరయ్యగారు ఇటలీలో నుండిరి. పిలిచినది ప్రభువు, పిలువబడినవాడు కొలువు లేనివాడు. ఐనను పర్యటన ముగించుకొని గాని రాజాలనని బదులిచ్చిరి. అమెరికాకు పోయి, 1909 ఏప్రిలునకు హైదరాబాదు చేరిరి. అంతవఱకు ప్రభుత్వము వేచియుండెను.

అప్పగించినవి మూడు పనులు: నగర పునర్నిర్మాణమునకు సలహా, మఱల వరద రాకుండ ఉపాయము, మురుగు పాఱుదల పథకము. పని ఇది, హద్దు ఇది, పిదప స్వస్తి. నగరమునకు ఎగువన మూసీపై ఒకటి, ఈసీపై ఒకటి, రెండు జలాశయములు కట్టుడని వారు చెప్పిరి. 1920లో ఉస్మాన్‌సాగరమును, 1927లో హిమాయత్‌సాగరమును పూర్తియైనవి.

ఇక్కడ నా శిష్యునకు రుచింపని మాట యొకటి. హైదరాబాదున నుండగనే మైసూరునుండి చీఫ్ ఇంజనీరు పదవికి ఆహ్వానము వచ్చెను. దానికిని వెంటనే తలయూపలేదు. సాంకేతిక విద్యకు, పరిశ్రమలకు అవకాశమిత్తురా యని ముందుగా అడిగి, మాట పుచ్చుకొని, 1909 నవంబరులో మరల కొలువున చేరిరి! స్వేచ్ఛగా నున్నది ఒక సంవత్సరమును కొంత. అప్పటికి ఆ స్వేచ్ఛ చేసిన మేలు ఇది: షరతు పెట్టగల శక్తి వచ్చినది. 1912 మొదలు దివానుగిరి నెఱపి, 1918లో దానినిని విడిచి, పిమ్మట 1962లో కన్నుమూయువఱకు అడిగినవారికి సలహాదారుగానే పెక్కేండ్లు గడపిరి.

ఇదంతయు చెప్పి శిష్యుని కొన్ని ప్రశ్నలడిగితిని. “శాఖ వెలుపల నిన్ను పని అడిగినవారెందఱు?” “ఇద్దరండీ” అనెను. విచారింపగా ఒకరు మామగారు. “ఇంతవఱకు మెజర్‌మెంటు పుస్తకముపై సంతకము చేయువాడవు, గుత్తేదారువైన పిదప ఆ సంతకమునకై బల్లముందు నిలుచువాడవు. ధరావతు ముందుగా కట్టవలెను, కూలి వారము వారము ఈయవలెను, బిల్లు మాత్రము దాని యిష్టము వచ్చినప్పుడు వచ్చును. ఎన్ని నెలలు ఓర్వగలవు?” వ్రేళ్ళు మడిచి లెక్కించి, “నాలుగండీ” అనెను. “అక్కఱలోనున్నప్పుడు చెడ్డ పని వచ్చిన, వద్దనగలవా?” దానికి బదులు రాలేదు.

పోవలదని నేననలేదు. ఒకప్పుడు ముద్రణాలయమున భాగస్థుడవు కమ్మని మిత్రుడొకడు పిలువగా, జీతపురాళ్ళను నమ్ముకొని బడిలోనే నిలిచిపోయినవాడను. నేనెవ్వరికి ధైర్యము చెప్పగలను, అధైర్యము చెప్పగలను?

అతడు రాజీనామా కాగితము వ్రాసియే తెచ్చియుండెను. దానిని చింపలేదు, మడిచి మరల జేబులో పెట్టుకొనెను. గడప దాటుచు వెనుకకు తిరిగి, “ఆ పాఠం ఇప్పుడెవరు చెపుతున్నారండీ మాస్టారూ?” అని అడిగెను.