ఖాళీ అయిన బడి



ఈ వారం ధ్యానానికి వాక్యభాగం 1 కొరింథీయులకు 1:26-29. బైబిలు తెరిచి ముందుగా ఆ నాలుగు వచనాలు చదువుకోండి. లోకం లెక్కలో జ్ఞానులు కానివారిని, బలంలేనివారిని, తృణీకరింపబడినవారిని దేవుడు ఏర్పరచుకున్నాడని పౌలు రాశాడు. మనం ఈ మాటలు ఎన్నోసార్లు విన్నాం. అయితే ఈ నాలుగు వచనాల వల్లే మన ప్రాంతంలో ఒకసారి ఒక బడి ఖాళీ అయిపోయింది. ఆ సంగతి మన పిల్లలకు చెప్పాలి. మన పెద్దల ఇళ్ళల్లోకి అక్షరం మొదటిసారి ఏ దారిన వచ్చిందో అప్పుడే వాళ్ళకు అర్థమవుతుంది.

భార్యాపిల్లలను విడిచి వచ్చిన మనిషి

శామ్యూల్ డే దొరగారు కెనడాలో పుట్టినవారు. అమెరికన్ బాప్తిస్టు మిషను పంపగా 1835లో భార్యతో కలిసి బోస్టను రేవులో ఓడ ఎక్కారు. 1836లో ఈ దేశం చేరి విశాఖపట్నం, శ్రీకాకుళం, మద్రాసుల్లో కొంతకాలం ఉండి, 1840లో నెల్లూరు వచ్చి స్థిరపడ్డారు. మన మనుబోలు మీదుగా మద్రాసుకు వెళ్ళే బాటలో రైలు లేని కాలం అది. ఎడ్లబండి, పల్లకీ, లేదా కాలినడక.

కొన్నేళ్ళకే ఆరోగ్యం చెడిపోయి డే దొరగారు అమెరికా వెళ్ళవలసి వచ్చింది. అక్కడి పెద్దలు తెలుగు మిషను పని మూసివేద్దామని ఆలోచన చేశారు. ఖర్చు చూస్తే ఎక్కువ, నమ్మినవారు చూస్తే వేళ్ళమీద లెక్కపెట్టేంత మంది. వద్దని బతిమాలి, డే దొరగారు 1848లో మళ్ళీ ఓడ ఎక్కారు. ఈసారి భార్యాపిల్లలను అమెరికాలోనే విడిచి వచ్చారు. ఆయనతోపాటు లైమన్ జూయెట్ దొరగారు, దొరసాని యుఫీమియా గారు కొత్తగా వచ్చారు. ఆరోగ్యం మళ్ళీ దెబ్బతిని 1853లో డే దొరగారు శాశ్వతంగా తిరిగి వెళ్ళిపోయారు. అదే ఏడు, ఆ తర్వాత 1862లో కూడా, ఈ పని మూసివేద్దామనే మాట వచ్చింది. అమెరికన్ బాప్తిస్టుల పటం మీద ఒంటరిగా మిగిలిన చుక్క కాబట్టి దీనికి లోన్ స్టార్ మిషను, అంటే ఒంటరి నక్షత్రం అని పేరు నిలిచింది.

1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండమీద అయిదుగురు మోకరించిన సంగతి మీకు తెలుసు. జూయెట్ దంపతులు, వారితో క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు అనే ముగ్గురు తెలుగు విశ్వాసులు. ఆ ముగ్గురి పేర్లు మనం ఎక్కువగా చెప్పుకోం. దొరల పేర్లు గుర్తుపెట్టుకున్నంత శ్రద్ధగా ఆ పేర్లూ గుర్తుపెట్టుకోవాలి. ఈ కథలో ముందుకు వెళ్ళేకొద్దీ కారణం మీకే తెలుస్తుంది.

అరుగు ఎక్కనివ్వని బడి

ఆ రోజుల్లో పల్లెల్లో బడులే లేవనుకోకండి. అరుగుల మీద వీధిబడులు ఉండేవి. పంతులుగారు ఇసుకలో అక్షరాలు దిద్దించి, ఎక్కాలు, పద్యాలు వల్లె వేయించేవారు. కానీ మాల, మాదిగ పిల్లలకు ఆ అరుగు ఎక్కే వీలు లేదు. తోలు పని చేసేవాడి కొడుక్కి తోలు పనే, కూలివాడి బిడ్డకు కూలిపనే. అప్పు కాగితంలో ఏం రాసి ఉందో తెలియకుండానే బొటనవేలు ముద్ర వేసిన తరాలు మనవి. చదువు రాకపోవడం వాళ్ళ సోమరితనం కాదు. ఊరు కట్టిన గోడ అది.

ఇంగ్లీషు చదువుల విషయంలో అప్పటి మిషనరీలలో చాలామంది ఆలోచన వేరుగా ఉండేది. కలకత్తాలో అలెగ్జాండర్ డఫ్ 1830లో బడి పెట్టి పై కులాల యువకులకు ఇంగ్లీషు విద్య నేర్పించాడు. పైన పోసిన నీళ్ళు మెల్లగా కిందికి దిగుతాయని ఆశ. మద్రాసులోనూ అలాంటి బడులు లేచాయి. ఆ ఆలోచన చెడ్డదని అనను. ఆ బడుల్లో చదివినవారు దేశానికి మేలు చేశారు. అయితే కింద గొంతు ఎండి కూర్చున్నవాడు ఎంతకాలం ఎదురుచూడాలి?

ఒంగోలులో ఆ రోజు

అమెరికాలో అంతర్యుద్ధం జరుగుతూ ఉండగానే, 1864 చివరిలో జాన్ క్లౌ దొరగారు, దొరసాని హారియెట్ గారు బయలుదేరి 1865లో నెల్లూరు చేరారు. ఆయన యువకుడు, భూమి కొలిచే సర్వేయరుగా పనిచేసినవాడు. 1866 సెప్టెంబరులో కుటుంబంతో ఒంగోలు వెళ్ళి కాపురం పెట్టారు. అప్పట్లో ఒంగోలు మన నెల్లూరు జిల్లాలోనిదే. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అటు వెళ్ళింది, 1970లో వేరే జిల్లా అయి, తర్వాత ప్రకాశం జిల్లా అనే పేరు పొందింది. కాబట్టి ఇది పొరుగువారి కథ కాదు, మనదే.

ఒంగోలు పట్టణంలోని బ్రాహ్మణులు, ఇతర పెద్ద కులాలవారు క్లౌ దొరగారిని బడి పెట్టమని కోరారు. ఆయన సంతోషంగా పెట్టారు. కొత్తగా వచ్చిన పరదేశికి ఇంతకంటే మంచి ఆరంభం ఏముంటుంది? పట్టణంలో గౌరవం, పెద్దల స్నేహం, అమెరికాకు రాసి పంపడానికి మంచి వార్త.

అదే సమయంలో పల్లెల వైపునుండి మరో కదలిక మొదలైంది. ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్ళ వ్యాపారి 1866లోనే జూయెట్ దొరగారి చేత బాప్తిస్మము పొంది, భార్య నాగమ్మతో కలిసి తన ఊరు తాళ్లకొండపాడులో, చుట్టుపక్కల పల్లెల్లో సువార్త చెప్పుకుంటూ తిరుగుతున్నాడు. ఆయన మాట విన్న మాదిగ సోదరులు ఒంగోలు వచ్చి తమనూ సంఘంలో చేర్చుకోమని అడిగారు.

పట్టణ పెద్దలకు ఈ వార్త చేరింది. వాళ్ళను చేర్చుకుంటే మేము మీ దగ్గరికి రాలేము, మా పిల్లలనూ పంపలేము అని స్పష్టంగా చెప్పారు. క్లౌ దొరగారికి ఏం చేయాలో తోచలేదు. తన గదిలోకి వెళ్ళి చేతికి అందిన బైబిలు తీసి తెరిచారు. కంటబడినది మనం పైన చదువుకున్న వాక్యభాగమే. అదే సమయంలో హారియెట్ గారు వేరే గదిలో, వేరే బైబిలులో, అదే భాగాన్ని చదివి భర్త దగ్గరికి వచ్చారు. ఇద్దరూ ఒకరితో ఒకరు ముందుగా మాట్లాడుకోలేదు. ఈ సంగతి తర్వాతి కాలంలో క్లౌ దొరగారే చెప్పారు.

ఆ దంపతులకు జవాబు దొరికింది. అడిగినవారిని చేర్చుకున్నారు. పెద్ద కులాల పిల్లలు బడి మానేశారు. గది ఖాళీ అయింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఆ దంపతులు కోల్పోయినది చిన్నది కాదు. తర్వాత వచ్చినది ఎంతో ఆ రోజు వాళ్ళకు తెలియదు. 1867 జనవరిలో తాళ్లకొండపాడులో 28 మంది బాప్తిస్మము పొందారన్నది వారు చూసిన మొదటి గుర్తు మాత్రమే. ఫలితం కనబడక ముందే ఎవరి పక్కన నిలబడాలో తేల్చుకున్నారు. విశ్వాసమంటే అదే.

పల్లె బడిని మోసినవారు

ఒక మిషనరీ కుటుంబం ఉండేది ఒక్క పట్టణంలో. చుట్టూ వందల పల్లెలు. మరి పల్లె పల్లెలో పిల్లలకు అక్షరాలు ఎవరు దిద్దించారు? దొరగారు కాదు. పేరయ్య లాంటివాళ్ళు సువార్త మోసిన బాటలోనే, కాస్త చదవడం నేర్చుకున్న తెలుగు ఉపదేశకులు, వారి భార్యలు బడి మోశారు. చెట్టు కింద, పాక కింద, పగలు కూలికి వెళ్ళే పిల్లలైతే రాత్రి దీపం దగ్గర. ఈ ఉపదేశకులను తయారు చేయడానికే 1870లలో రామాయపట్నంలో సెమినరీ మొదలైంది.

ఈ బడుల మీద ఒక మాట అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. తిండి చూపించి, చదువు చూపించి మతంలో కలుపుకున్నారని. దీనికి చరిత్రలోనే ఒక జవాబు ఉంది. 1876-78 మధ్య దక్షిణ దేశమంతటా ఘోరమైన కరువు వచ్చింది. క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించారు. ఆ కరువు పని నడిచినంతకాలం ఒక్కరికి కూడా బాప్తిస్మము ఇవ్వలేదు. కూలి కోసం, గంజి కోసం వచ్చినవాడెవడో, విశ్వాసంతో వచ్చినవాడెవడో దేవునికి తప్ప తెలియదని ఆగారు. సహాయం ఆగిపోయిన తర్వాత కూడా జనం వెనక్కి పోలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆ రోజు నీళ్ళలో దిగి బాప్తిస్మము ఇచ్చినవారు తెలుగు బోధకులే.

మెల్లగా ప్రభుత్వం కూడా కదిలింది. పంచముల చదువు కోసం మద్రాసు ప్రభుత్వం ప్రత్యేక ఉత్తర్వు ఇచ్చింది 1893లో. అంటే ఒంగోలులో ఆ బడి ఖాళీ అయిన పాతికేళ్ళ తర్వాత.

పై ఊరి నుండి వచ్చేది ఒకనాటికి ఆగుతుంది

మన ఊరికి ఉత్తరాన నెల్లూరు బాప్తిస్టులు ఉంటే, దక్షిణాన గూడూరు వైపు జర్మన్ లూథరన్లు పనిచేశారు. హెర్మన్స్‌బర్గ్ మిషను తరఫున మిలియస్ దొరగారు 1865లో సూళ్లూరుపేటలో మొదలుపెట్టారు. ఆ పని నాయుడుపేటకు, గూడూరుకు పాకింది. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఇంగ్లీషు ప్రభుత్వానికి జర్మన్లు శత్రువులయ్యారు. మిషనరీలను నిర్బంధించారు. కొద్దికాలంలోనే దొరల కుటుంబాలు కనబడకుండా పోయాయి, డబ్బు ఆగిపోయింది. తర్వాత అమెరికాలోని ఒహాయో లూథరన్లు ఆ బాధ్యత తీసుకున్నారు.

మన కళ్ళముందే ఇలాంటిది మళ్ళీ జరిగింది. పరదేశపు కుటుంబాలు ఒక్కొక్క బిడ్డను ఎన్నుకుని నెల నెలా పంపే సహాయం మీద మన దేశంలో ఎన్నో పిల్లల కేంద్రాలు నడిచాయి. విదేశీ నిధుల నిబంధనలు గట్టిపడ్డాక, అలాంటి సేవ చేసే కంపాషన్ సంస్థ 2017 మార్చిలో ఇక్కడ పని ముగించుకుంది. అప్పటికి లక్షకు మించిన పిల్లలు ఆ సహాయంలో ఉన్నారు. తప్పెవరిదని వాదించడానికి ఇది రాయడం లేదు. దూరం నుండి వచ్చే చెయ్యి ఎంత ప్రేమగలదైనా, యుద్ధమో చట్టమో జబ్బో ఒకనాడు దాన్ని ఆపుతుంది. పల్లెలో ఉన్నవారి చెయ్యి కలిస్తేనే పని మిగులుతుంది. నర్సు, జూలియా, రూతు, పేరయ్య, నాగమ్మ పేర్లు గుర్తుంచుకోమన్నది ఇందుకే.

ఈరోజు గది బయట ఎవరున్నారు?

ప్రియులారా, ఒకప్పుడు అరుగు కింద నిలబడినవారి బిడ్డలం మనం. ఈరోజు మనలో టీచర్లున్నారు, నర్సులున్నారు, బెంగళూరులో, గల్ఫులో, అమెరికాలో ఉద్యోగాలు చేసేవారున్నారు. స్తోత్రం. కానీ ఒక మాట సూటిగా అడుగుతాను. మన జిల్లాలో ఇప్పుడు బడి బయట ఎవరున్నారు? చెరువు కట్టల మీద, రొయ్యల గుంటల కాపలా గుడిసెల్లో ఉండే యానాది కుటుంబాల పిల్లలు. పని ఎక్కడుంటే తల్లిదండ్రులు అక్కడికి పోతారు, పిల్లలూ వెంట పోతారు. పేరు బడి రిజిస్టరులో ఉంటుంది, బిడ్డ గుంట దగ్గర ఉంటాడు. కొందరికి పుట్టిన తేదీ కాగితం లేదు, ఆధార్ లేదు.

ఇంకో మాట, ఇది ఇంకా కష్టమైనది. వాళ్ళు మన ఆరాధనకు వస్తే మన పక్కన చాపమీద చోటిస్తున్నామా? మాల సంఘం, మాదిగ సంఘం అని మనమే గోడలు కట్టుకుని, యానాది బిడ్డ వస్తే మరో గోడ కడితే, ఆనాడు బడి మానేసినవారికీ మనకూ తేడా ఏమిటి? ఏ వాక్యం మన తాతలను లోపలికి పిలిచిందో ఆ వాక్యమే మన తలుపు కూడా తడుతోంది.

ఇప్పుడు డబ్బు పెద్ద అవసరం కాదు. సర్కారు బడి ఉంది, పుస్తకాలిస్తారు, మధ్యాహ్నం అన్నం పెడతారు. ఆరు నుండి పద్నాలుగేళ్ళ వరకు చదువు బిడ్డకు హక్కు అని చట్టమే ఉంది. లేనిది తోడు. జూన్‌లో బడి తెరిచినప్పుడు ఒక బిడ్డ చెయ్యి పట్టుకుని హెడ్మాస్టరు దగ్గరికి తీసుకువెళ్ళే మనిషి కావాలి. సచివాలయంలో కాగితాల కోసం వాళ్ళమ్మతో పాటు వరుసలో నిలబడే మనిషి కావాలి. సాయంత్రం గంటసేపు మన మందిరం వరండాలో కూర్చోబెట్టి చదివించే మనిషి కావాలి. మన చదువుకున్న ఆడబిడ్డలు ఇది చక్కగా చేయగలరు. ఒక్కో కుటుంబం ఒక్కో బిడ్డ, అంతే.

దూరంగా ఉన్న మన బిడ్డలకు ఒక మనవి. మీరు ఇప్పుడు పై దేశంలో ఉన్న కుటుంబం. ఆనాటి దొరల కుటుంబాల చోట ఇప్పుడు మీరున్నారు. కానుక పంపితే సంతోషమే. అయితే వారానికి ఒకసారి ఫోనులో ఒక బిడ్డ చేత పాఠం చదివించి వినండి. అది ఏ బ్యాంకూ ఆపలేని సహాయం.

ప్రార్థన చేద్దాం. ప్రభువా, మా పితరులను అరుగు కింద నుండి లేపినందుకు స్తోత్రం. మా కోసం తమ ఇల్లూ పిల్లలనూ విడిచి వచ్చినవారిని బట్టి, చెట్టు కింద దీపం పట్టుకున్న మా ఉపదేశకులను బట్టి స్తోత్రం. మేము నిండిన గదిని చూసి మురిసిపోకుండా, బయట నిలబడిన బిడ్డను చూసే కళ్ళు మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.

ప్రభువు సేవలో మీ సహోదరుడు