ప్రాణం, ముఖం, ఆపైన వినికిడి

విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల 1919లో మొదలైంది. చూపులేని ఒక పిల్లవాడికి సంగీతం చెప్పించడం కోసం రాజావారు దాన్ని పెట్టారని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. మొదటి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసుగారు. ఆయన తరవాత ఆ పదవిలోకి వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారికీ చూపు అంతంతమాత్రమే. చెవి విలువ ఇంతగా తెలిసిన ఊరు ఇది. విశాఖలో చెవి పరీక్షలు చేసే ఉద్యోగంలో నా సర్వీసంతా గడిచింది. నా దగ్గరికి వచ్చినవాళ్లలో శ్రీకాకుళం, విజయనగరం మనుషులే ఎక్కువ. వాళ్ల కోసమే వినికిడిని దెబ్బతీసే ఒక గడ్డ చరిత్ర చెబుతాను.

చెవి నుంచి మెదడుకు పోయే ఎనిమిదో నరంలో రెండు పాయలుంటాయి. ఒకటి వినికిడిది, రెండోది మనిషి తూలకుండా నిలబెట్టేది. ఈ గడ్డ రెండో పాయ మీద పుడుతుంది. కేన్సరు కాదు, సాధారణంగా మెల్లగా పెరుగుతుంది. కానీ ఈ పాయలూ, ముఖాన్ని కదిలించే నరమూ, లోపలి చెవికి నెత్తురందించే సన్నటి ధమనీ ఒకే ఇరుకు ఎముక కాలువలో ఉంటాయి. అందుకే ముందుగా దెబ్బ తినేది చాలామందిలో వినికిడే.

మన సంగీత కళాశాలకు రెండేళ్ల ముందు, 1917లో, అమెరికాలో హార్వీ కుషింగ్ ఈ గడ్డల మీద ఒక పుస్తకమే రాశాడు. అప్పట్లో రోగులు నడక తూలి, చూపు మందగించాక వచ్చేవారు. గడ్డ లోపలి భాగం తోడేసి, పైపొర వదిలేసి ఆయన ప్రాణం కాపాడేవాడు. 1920ల్లో వాల్టర్ డాండీ గడ్డ మొత్తం తీయగలిగాడు గానీ, ముఖం ఒక పక్క పడిపోయేది. వినికిడి గురించి అడిగే పరిస్థితే లేదు. 1954లో లండన్‌లో ఎలియట్, మెకిసాక్ గడ్డ తీసినా వినికిడి నిలిచిన కేసులు ప్రకటించారు. 1960ల మొదట్లో లాస్ ఏంజెలెస్‌లో విలియం హౌస్ మైక్రోస్కోపు కింద, ముఖపు నరాన్ని కాపాడుతూ ఈ ఆపరేషన్లు మొదలుపెట్టాడు. 1969లో స్టాక్‌హోమ్‌లో లార్స్ లెక్సెల్ కోత లేకుండా గామా కిరణాలతో వైద్యం చేశాడు.

మన వైపు విశాఖలో కింగ్ జార్జ్ ఆసుపత్రి 1923లో వచ్చింది. మెదడు ఆపరేషన్లకు మాత్రం చాలాకాలం దక్షిణానికి రైలెక్కాల్సిందే. వెల్లూరులో జేకబ్ చాందీ 1949లో, మద్రాసులో బి. రామమూర్తి 1950లో ఆ ఆపరేషన్ల విభాగాలు మొదలుపెట్టారు. పొలం అమ్మితే తప్ప వైద్యం లేని ఇళ్లకు 2007 ఏప్రిల్ 1న కాస్త ఊపిరి తిరిగింది. పేదలకు ఉచితంగా వైద్యం చేయించే ఆరోగ్యశ్రీ పథకం ఆ రోజు మొదలైన తొలి మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి.

డబ్బు దొరికినా, ఆలస్యమైతే పోయిన వినికిడి తిరిగిరాదు. పరీక్ష గదిలో నేను ముందు బీప్ శబ్దాలు వినిపించేవాణ్ణి, తరవాత పాలు, మేక, తాడు వంటి చిన్న మాటలు. మంచి చెవిని హోరు శబ్దంతో కప్పి, రెండో చెవిలో మాట పలికితే కొందరు తెల్లబోయేవారు. “సప్పుడు ఇనబడతంది బాబూ, మాటే తెలడం నేదు” అనేవారు. శబ్దం వినపడేంతగా మాట తెలియకపోతే నరం మీద అనుమానం పడాలి. నెల్లిమర్ల జూట్ మిల్లులో మగ్గాల మోత మధ్య బతికినవాళ్లకు రెండు చెవులూ కలిసి మందగిస్తాయి. వయసు చెవుడూ అంతే. ఒక్క చెవే పోతోందంటే దానికి వేరే కారణం వెతకాలి, ఎమ్మారై తీయించాలి. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం నుంచి వచ్చినవాళ్లకు ఎమ్మారైలో కాంట్రాస్టు మందు ఇచ్చే ముందు కిడ్నీలు చూడాలి. కాంట్రాస్టు లేకుండానే నరాన్ని సన్నటి ముక్కలుగా చూపే ఎమ్మారై పద్ధతీ ఉంది.

ఇప్పుడు దారులు మూడు: కనిపెట్టుకుని చూడటం, కిరణాలు, ఆపరేషన్. ఏ దారిలోనూ వినికిడికి పూర్తి హామీ లేదు. నరం చెక్కుచెదరకపోయినా ఆ సన్నటి ధమని దెబ్బతింటే చెవి పోతుంది. కిరణాల తరవాతైనా, ఊరికే చూస్తూ ఉన్నా, వినికిడి ఏళ్ల మీద తగ్గవచ్చు. గడ్డ చిన్నదై, ముందే వినికిడి బాగున్నవాళ్లకే ఎక్కువ ఆశ.

ప్రాణం, ముఖం, వినికిడి ఒకదాని తరవాత ఒకటి దక్కడానికి సర్జన్ల చేతి నైపుణ్యం ఎంత కారణమో, గడ్డను చిన్నగా ఉండగానే పట్టుకోవడమూ అంతే కారణం. ఆ పట్టుకోవడం మన పల్లెల్లోనే మొదలవ్వాలి. ఫోను ఎప్పుడూ ఒకే చెవికి పెట్టుకునే అమ్మనో నాన్ననో చూస్తే, రెండో చెవితో మాట తెలుస్తోందా అని అడగండి. తెలియకపోతే ఆ వారంలోనే పరీక్షకు తీసుకెళ్లండి.